వెనకవాణ్ణి నమ్మని దోన్ సెవెరో

దోన్ సెవెరో టికోనా నా బండి దగ్గర జావ తాగే తీరు చూస్తే చాలు, మనిషి మొత్తం అర్థమైపోతాడు. గ్లాసు అందుకోగానే భూమితల్లికి రెండు చుక్కలు వంచుతాడు. ఒక గుక్క తాగి, వెనక్కి తిరిగి తన లారీని చూసుకుంటాడు. ఇంకో గుక్క, మళ్ళీ లారీ. గ్లాసు ఖాళీ అయ్యేసరికి మెడ పట్టేసి ఉంటుంది.

“దోన్ సెవెరో, అంత పెద్ద లారీని ఎవరైనా జేబులో వేసుకుపోతారా?” అని ఒకసారి అడిగాను.

“లారీని కాదు కసేరా, అది నిలబడ్డ చోటుని” అన్నాడు.

మా దగ్గర అమ్మేవాళ్ళనీ కొనేవాళ్ళనీ కూడా కసేరా అనే అంటారు, పెద్దవాళ్ళ పేరు ముందు గౌరవానికి దోన్ అని పెడతారు. నా అసలు పేరు ఉర్సులా. ఎల్ ఆల్టో నుంచి ఒరూరో వెళ్ళే రోడ్డు మీద, పెట్రోలు బంకుకి ఎదురుగా, ఊదా మొక్కజొన్న జావా చీజు పెట్టిన పూరీలూ అమ్ముతాను. డీజిలు కరువు వచ్చాక నాకు ఇంకో ఉద్యోగం కూడా తగులుకుంది. లారీల లైనుకి లిస్టు రాసేది నేనే. “నీకు లారీ లేదు, కాబట్టి నీకు స్వార్థం లేదు” అని డ్రైవర్లంతా కలిసి నోటుపుస్తకం నా చేతిలో పెట్టారు. స్వార్థం లేకపోవడమేం, వాళ్ళు ఎన్నాళ్ళు నిలబడితే నా పూరీలు అన్నాళ్ళు అమ్ముడవుతాయి. ఆ మాట పైకి అనలేదనుకోండి.

లైను చట్టం చిన్నది. పొద్దున ఎనిమిదికీ, మధ్యాహ్నం పన్నెండుకీ, సాయంత్రం నాలుగుకీ నేను నంబర్లు పిలుస్తూ నడుస్తాను. ఏ నంబరు పిలిస్తే ఆ లారీ పక్క నుంచి “ఉన్నా” అని పలకాలి. అవసరం పడితే పక్కవాడు “ఉన్నాడు” అని పలకచ్చు, కానీ ఒక మనిషి తన లారీకి కాక ఇంకొక్క లారీకే పలకాలి. ఎవరూ పలక్కపోతే గీత కొట్టేస్తాను. ఆ లారీ తోకకి పోవాల్సిందే. ఆ రోజుల్లో తోక మూడు కిలోమీటర్ల అవతల, శ్మశానం గోడ దగ్గర ఉండేది.

ఈ చట్టమే దోన్ సెవెరోని ఒకసారి కాల్చింది. ఆగస్టులో, లిస్టు ఇంకా వేరేవాళ్ళ దగ్గర ఉన్నప్పుడు, పన్ను పీకించుకోవడానికి వెళ్తూ వెనక లారీ అతనికి చెప్పి వెళ్ళాడు. ఆ వెనక అతను ఎవరో కాదు, ఈయన కూతురి జ్ఞానస్నానానికి ధర్మతండ్రిగా నిలబడ్డ మనిషి, వరసకి వియ్యంకుడి లెక్క. పిలుపు వచ్చినప్పుడు ఆయనగారు తన నంబరుకి పలికి, దోన్ సెవెరో నంబరుకి నోరు మూసుకున్నాడు. ఒక చోటు ముందుకి జరిగాడు. దోన్ సెవెరో దవడ వాచి తిరిగొచ్చేసరికి పన్నూ లేదు, చోటూ లేదు. మళ్ళీ పద్నాలుగు రోజులు. డీజిలు పోయించుకున్న మర్నాడే పెయింటర్ని పిలిచి లారీ వెనక ఎర్ర రంగుతో జానెడు అక్షరాలు రాయించాడు: వెనకవాణ్ణి నమ్మను.

అక్టోబరు లైనులో ఆయనది ముప్పై ఒకటో నంబరు. ముప్పై రెండు సాంటోస్ యుజ్రా. కొచబాంబా లోయ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, నలభై దాటాయి, నోట్లో నువ్వుగింజ నానదు. లారీ ఆపి కిందికి దిగి, ఎదురుగా ఉన్న ఆ అక్షరాలు చదివి, “దేవుడా, ఇన్నాళ్ళూ దీన్నే చదువుతూ కూర్చోవాలా!” అని తలపట్టుకున్నాడు.

ఆ ఇద్దరూ ఉప్పూ నిప్పే. వయసు, యాస అన్నీ అలా ఉంచండి, అధ్యక్ష ఎన్నికల రెండో విడత తొమ్మిది రోజుల్లో ఉంది. పోటీలో మిగిలింది ఇద్దరు. మా లైను వాళ్ళు పేర్లతో పని లేకుండా ఒకణ్ణి తెల్లచొక్కా అనీ, ఇంకొకణ్ణి నీలంకోటు అనీ పిలిచేవారు. ఇద్దరి మధ్యా వెంట్రుకవాసి తేడా అని రేడియో రోజుకి నాలుగుసార్లు చెప్పేది. దోన్ సెవెరో నీలంకోటు. సాంటోస్ తెల్లచొక్కా. నా బండి మధ్యలో.

“మీ నీలంకోటు వస్తే డీజిలు రేటు రెండింతలు చేస్తాడు మాయెస్త్రో” అనేవాడు సాంటోస్. మా దగ్గర పెద్ద డ్రైవర్లని మాయెస్త్రో అంటారు.

“చెయ్యనీ. రెండింతలు పెట్టినా దొరుకుతుందిగా. ఇప్పుడు చవకే, ఏదీ? చూపించు. ఒక చెంచాడు చూపించు!”

“మా తెల్లచొక్కా మెల్లగా పెంచుతాడు. మనిషి చావకుండా.”

“మెల్లగా కోసినా పీక పీకే కదయ్యా.”

“డాలర్లు తెస్తానన్నాడు.”

“ఎక్కడ్నుంచి? వాళ్ళత్తగారింటి నుంచా?”

ఇలా సాగేది. పూరీ చల్లారిపోయేది, మాట చల్లారేది కాదు. నూనె డబ్బా ధర వారంలో మూడుసార్లు మారిన రోజులవి. నేను పూరీ రేటు పెంచితే, రేటు పెరగాలనే దోన్ సెవెరో పోట్లాడాడు. మెల్లగా పెంచాలన్న సాంటోస్ మాట్లాడకుండా ఇచ్చాడు. మనుషుల రాజకీయం వేరు, ఆకలి వేరు.

శుక్రవారం నాడు అసలు చిక్కు బయటపడింది. శనివారం అర్ధరాత్రి నుంచి ఆదివారం అర్ధరాత్రి దాకా బళ్ళన్నీ బంద్, పోలింగు రోజున మా దేశంలో సైకిలు తప్ప చక్రం తిరగదు. మందు కూడా బంద్. ట్యాంకరు సోమవారం పొద్దున వస్తుందని బంకువాళ్ళు చెప్పారు. అంటే ఆదివారం లారీలు కదలవు, లైను విడవకూడదు, ఓటు మాత్రం ఎవరి బడికి వాళ్ళు పోయి వేసి రావాలి. అందరూ జతలు కట్టుకున్నారు. ముప్పయ్యో నంబరు అన్నదమ్ములది, వాళ్ళకి వాళ్ళు చాలు. మిగిలింది ముప్పై ఒకటీ, ముప్పై రెండూ.

“పోనీ ఒక పని చేద్దాం మాయెస్త్రో” అన్నాడు సాంటోస్. “మీరు వెయ్యద్దు, నేనూ వెయ్యను. మీది అటు ఒకటి, నాది ఇటు ఒకటి. రెండూ తీసేస్తే లెక్క లెక్కే. హాయిగా పడుకుందాం.”

“నేను పడుకున్నాక నువ్వు పోయి వేసొస్తావు.”

“పడుకోకుండా నన్నే చూస్తూ కూర్చోండి మరి!”

అంతా నవ్వారు. దోన్ సెవెరో నవ్వలేదు. లారీలోకి ఎక్కి సీటు కింది నుంచి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా బండి మీద పెట్టి మూత తీశాడు. లోపల ఓటు వేసినట్టు ఇచ్చే చీటీలు. వేసవివి, చలికాలానివి, రంగు వెలిసినవి, నలభై ఏళ్ళవి. అడిగాను, చెప్పాడు. ఆయన తండ్రి తగరం గనిలో పనివాడు. ధరలు గంటకోసారి మారిన ఆ పాత సంక్షోభంలో ఎన్నికలొచ్చాయి. తండ్రి ఆ రోజు తాగి పడుకున్నాడు. కొన్ని నెలలకి గని మూసేశారు. కుటుంబాన్ని, ఒక పరుపునీ, రెండు కోళ్ళనీ వేసుకుని ఎల్ ఆల్టోకి వచ్చి మట్టి ఇటుకల గది కట్టుకుంటూ తండ్రి అన్నాడట: “ఎవణ్ణి తిట్టడానికీ నాకు నోరు లేకుండా పోయిందిరా. ఆ రోజు నేను లేచి వెళ్ళలేదు.”

“నేను వేసినవాళ్ళు గెలిచింది తక్కువే కసేరా” అన్నాడు దోన్ సెవెరో మూత పెడుతూ. “కానీ తిట్టడానికి నా నోరు నాకుంది.”

సాంటోస్ ఆ డబ్బాని జాగ్రత్తగా ఆయన చేతికి అందించాడు. “సరే మాయెస్త్రో. నా బడి దూరం, నేను ముందు పోయొస్తాను. పన్నెండుకల్లా ఇక్కడుంటా. తర్వాత మీరు” అన్నాడు.

“ఎలా పోతావ్?”

“నడిచి.”

“నడిస్తే నువ్వొచ్చేది సోమవారం” అని, దోన్ సెవెరో లారీ మీద కట్టి ఉన్న తన సైకిలు వైపు చూశాడు. దాన్ని చూసి, సాంటోస్‌ని చూసి, వెనక్కి తిరిగి ఎర్ర అక్షరాల్ని చూసి, నిట్టూర్చాడు. తన సైకిలు మీద పంపి తన ఓటుకి విరుగుడు వేయించడం! ఇంకో దారి లేదు.

ఆదివారం ఎనిమిది పిలుపు అయిపోయింది. నేను దగ్గర బళ్ళోనే ఏడున్నరకే వరసలో నిలబడి వేసొచ్చాను, ఎవరికో చెప్పను. ఖాళీ హైవే మీద పిల్లలు బంతాట మొదలుపెట్టారు. దోన్ సెవెరో సైకిలు దించాడు. కానీ ఆయన చేతి నుంచి ఏ చక్రమూ ఉత్తినే కదలదు. లారీ సీటు కింద దాచిన చెరుకుసారా సీసా తీసి, ప్రయాణానికి దీవెనగా ముందు చక్రానికీ వెనక చక్రానికీ చల్లాడు. హ్యాండిలుకి చల్లాడు.

“చాలు మాయెస్త్రో, మీ సైకిలే కదా, మీ మాట వింటుంది” అన్నాడు సాంటోస్.

“లారీని ఇంజను నడిపిస్తుంది, దీన్ని కాళ్ళు నడిపిస్తాయి” అని సాంటోస్ బూట్ల మీద, ప్యాంటు అంచుల మీద కూడా ధారాళంగా చల్లాడు. “క్షేమంగా పోయిరా. టైముకి రా.”

నేను పక్కనే ఉన్నాను, కళ్ళారా చూశాను, నాకూ ఏమీ తట్టలేదు. మేం చక్రం కనిపిస్తే చల్లేస్తాం, అంతే.

పది అయింది, పదకొండయింది. పదకొండున్నర నుంచి దోన్ సెవెరో కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. రోడ్డు చివర ఏ సైకిలు కనిపించినా చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాడు. లైను వాళ్ళు ఊరుకుంటారా?

“సైకిలు రంగేంటి మాయెస్త్రో, గుర్తు పెట్టుకోండి, ఫిర్యాదులో రాయాలి” అన్నాడొకడు.

“అతనికి ఓటు పడింది, సైకిలూ వచ్చింది. ఇంక మీ దగ్గరికెందుకొస్తాడు?” అన్నాడింకొకడు.

“లారీ ఇక్కడుంది కదరా వెధవా!” అన్నాను నేను.

“లారీకేం కసేరా, నాలుగు గంటలకి తాపీగా వస్తాడు. అప్పటికి బడి మూసేస్తారు, నీలంకోటుకి ఒకటి తగ్గుతుంది.”

 అదే మాట దోన్ సెవెరో లోపల కూడా తిరుగుతోందని తెలుస్తూనే ఉంది. పన్నెండయింది. నేను పుస్తకం పట్టుకుని బయల్దేరాను. నిజం చెప్పద్దూ, నా కాళ్ళు ఆ రోజు మెల్లగా పడ్డాయి. ముప్పై. “ఉన్నాం.” ముప్పై ఒకటి. “ఉన్నా.”

“ముప్పై రెండు!”

ఎవరూ పలకలేదు. అంతా దోన్ సెవెరో వైపే చూస్తున్నారు. ఆయన నోరు మూసుకుని ఉంటే చాలు, ముప్పై రెండు శ్మశానం గోడ దగ్గరికి పోతుంది. ఆగస్టులో తనకి జరిగింది అచ్చంగా తిరిగిచ్చినట్టవుతుంది, పైగా ఈసారి న్యాయం కూడా తన వైపే ఉంది. ఆయన రోడ్డు వైపు చూశాడు. పిల్లలూ, బంతీ తప్ప ఏమీ లేదు.

“ముప్పై రెండు” అన్నాను రెండోసారి. మూడోసారి పిలవడం చట్టంలో లేదు.

“ఉన్నాడు” అన్నాడు దోన్ సెవెరో, పళ్ళ మధ్య నుంచి. అని నేల మీద ఉమ్మేశాడు. “ఉన్నాడు, రాసుకో. నేను ఆ ఆగస్టువాడిలాంటివాణ్ణి కాను.”

పన్నెండూ పదికి సాంటోస్ వచ్చాడు. ఎలా వచ్చాడంటే, సైకిలు తొక్కుతూ కాదు, సైకిలు మీద వేలాడుతూ. దిగగానే రోడ్డు మీద కూలబడ్డాడు. దోన్ సెవెరో ఒక్క అంగలో మీదకెళ్ళాడు.

“ఓటేసి, టీ తాగి, పడుకుని వచ్చావా?”

“ఓటా?” సాంటోస్‌కి ఊపిరి అందడం లేదు. “ఎక్కడి ఓటు మాయెస్త్రో! నేను బడి గుమ్మం కూడా చూళ్ళేదు. కూడలి దగ్గర పోలీసులు ఆపారు. సారా వాసనొస్తోంది, తాగావా అన్నారు. లేదన్నాను. ఊదమన్నారు, ఊదాను. నోట్లో లేదురా, కానీ వీడు పక్కకొస్తే వాసనరా అని వాళ్ళలో వాళ్ళకే గొడవ. గీత మీద నడవమన్నారు, నడిచాను. వంద నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నారు, నేను తాగకపోయినా లెక్కపెట్టలేనని చెప్పాను. సార్జెంటు వచ్చేదాకా కూర్చోమన్నారు. మూడు గంటలు! ఆయనొచ్చాడు, లారీ డ్రైవరు కొడుకట. నన్ను చూడకుండా వంగి టైరు వాసన చూశాడు. ‘ఒరే, తాగింది మనిషి కాదు, సైకిలు! దాన్ని లోపలెయ్యండి’ అన్నాడు.”

లైనంతా పగలబడి నవ్వింది. కానీ నేను నవ్వలేకపోయాను. దోన్ సెవెరో మొహం చూశాను కదా. సాంటోస్ ఓటుకి అడ్డం తనే సారా పోశాడు. ఆయన తండ్రి సంగతి విన్నదాన్ని, ఆ క్షణంలో ఆయనకి ఏం గుర్తొచ్చి ఉంటుందో నాకు తెలుసు.

“వదిలాక మరి అటే పోయి వేసి రాలేకపోయావా? బడి అక్కడికి దగ్గరే కదా” అన్నాను.

“అటు పోతే అరగంట. వరస ఇంకో గంట. పన్నెండుకొస్తానని చెప్పి వచ్చాను కదా కసేరా. మాయెస్త్రోకి కూడా బడి ఉంది.” సైకిలు హ్యాండిలు దోన్ సెవెరో వైపు తిప్పాడు. “ఎక్కండి. మీ నీలంకోటు ఎదురు చూస్తుంటాడు.”

దోన్ సెవెరో హ్యాండిలు పట్టుకోలేదు. “నువ్వే మళ్ళీ పో. తప్పు నాది.”

“నా వల్ల కాదు, కాళ్ళు పోయాయి. మీరే పోండి.”

“ముందు నువ్వన్నావు కదా, నువ్వే పో.”

“మీరు పెద్దవారు...”

“ఇదేమైనా విందా, మీరు ముందంటే మీరు ముందనుకోవడానికి?” అని అరిచాను. “నాలుగింటికి తలుపులు మూస్తారు! దోన్ సెవెరో, మీరెక్కండి. మీ బడి దగ్గర, గబగబా రండి, ఈలోగా ఇతనికి కాళ్ళొస్తాయి. ఆ సీసా మాత్రం ముట్టుకుంటే చేతులు విరిచేస్తా!”

నా గిన్నెలు తోమే నీళ్ళతో చక్రాలు కడిగించి మరీ పంపాను. అరవై ఒక్కేళ్ళ మనిషి, ఊపిరి అందనంత ఎత్తున్న ఊళ్ళో, గాలికి ఎదురు తొక్కుతూ పోయాడు. ఆ రెండు గంటలూ సాంటోస్‌కి జావ పోస్తూ కూర్చున్నాను. అతను తాగుతూ ఎర్ర అక్షరాలు చదువుతూ కూర్చున్నాడు.

రెండూ ఇరవైకి దోన్ సెవెరో తిరిగొచ్చాడు. కోటు గుండీలు ఊడిపోయాయి, టోపీ ఎక్కడో పడిపోయింది, చీటీ మాత్రం పళ్ళ మధ్య ఉంది. మాట రాక చేత్తోనే “పో, పో” అన్నాడు. సాంటోస్ ఎగిరి కూర్చుని తొక్కాడు. నాలుగు గంటల పిలుపులో “ముప్పై రెండు” అనగానే, పిలుపు నా నోట్లోంచి పూర్తిగా రాకముందే “ఉన్నాడు!” అని కేక వినిపించింది. శ్మశానం గోడ దాకా వినిపించి ఉంటుంది.

అయిదున్నరకి సాంటోస్ వచ్చాడు, చీటీ ఊపుకుంటూ. తలుపు మూసేలోపు వరసలో నిలబడ్డవాళ్ళందరినీ వెయ్యనిచ్చారట. నాకెంత తేలికయిందో ఏం చెప్పను, మిగిలిన పూరీలన్నీ ఉత్తినే పంచేశాను. రేటు దగ్గర పోట్లాడినందుకు దోన్ సెవెరోకి రెండు ఎక్కువ వేశాను.

పూరీ నములుతూ ఆయన నాతో మెల్లగా అన్నాడు: “కసేరా, నీకొక్కదానికే చెప్తున్నా. తెర వెనక పెన్ను పట్టుకుని కాసేపు ఆగిపోయాను. పాపం వాడు వెయ్యకుండా తిరిగొచ్చాడే, వాడి తెల్లచొక్కాకే గీసేద్దామా అనిపించింది.”

“గీశారా?”

“లేదు. వాడొచ్చింది నేను వాడి మాట వినడానికి కాదుగా. నా ఇష్టమొచ్చినట్టు నేను వేసుకోవడానికి. నీలంకోటుకే వేశాను. లేకపోతే వాడి కష్టానికి మర్యాదేముంది?”

తెల్లారేసరికి తెల్లచొక్కా గెలిచాడని రేడియో చెప్పింది, చాలా తక్కువ తేడాతో. సాంటోస్ గంతులేస్తాడనుకున్నాం. “మాయెస్త్రో, మీ దెబ్బకి ఒకటి తగ్గింది, లేకపోతే ఇంకా బాగుండేది” అని మాత్రం అన్నాడు. “రేపట్నుంచి మీ ఆయన్ని తిట్టడమే నా పని” అన్నాడు దోన్ సెవెరో, ఎంతో తృప్తిగా. కొత్త చీటీ బిస్కెట్ల డబ్బాలోకి చేరింది.

ట్యాంకరు తొమ్మిదింటికి వచ్చింది. ముప్పై ఒకటి నిండింది, ముప్పై రెండు నిండింది. నిండగానే తర్వాతి లైనుకి పేరు రాయించుకోవడం మా వాళ్ళ అలవాటు. కొత్త అధ్యక్షుడు వచ్చినంత మాత్రాన ట్యాంకరు రోజూ రాదని అందరికీ తెలుసు. దోన్ సెవెరో నా బండి దగ్గరికి వచ్చాడు.

“రాసుకో కసేరా. ముందు సాంటోస్. వెనక నేను.”

ఆగస్టు నుంచి ఎవర్నీ తన ముందుకి పోనివ్వని మనిషి. నేను పెన్ను పట్టుకుని ఆయన మొహంలోకి చూశాను.

“మరి లారీ వెనక ఆ అక్షరాలు?” అన్నాను.

“అవి వెనకవాడికి కదా. వాడిప్పుడు ముందు” అన్నాడు. జావకి చెయ్యి చాస్తూ, “రంగు ధర దిగాక తుడిపిస్తాలే” అన్నాడు.

జావ గ్లాసు అందుకున్నాడు. భూమితల్లికి రెండు చుక్కలు వంచాడు. మిగతాదంతా, ఒక్కసారి కూడా మెడ తిప్పకుండా, నిదానంగా తాగాడు. ఆయన వెనక, బంకులోంచి ఆయన లారీని రోడ్డు మీదకి తెస్తున్నది సాంటోస్.